మత్తు డాక్టరమ్మకి మూత తెరిచే కారెందుకు?

బెంగళూరులో ఒకాయన తన బీఎండబ్ల్యూ జెడ్4 అనే కప్పు తెరిచే కారు అమ్ముతున్నాడు. 2014 బండి. తెల్ల రంగు, లోపల ఎర్ర తోలు సీట్లు, రెండే సీట్లు. అడుగుతున్నది 27 లక్షలు. కొందామా వద్దా అని తిరుపతిలో మా ఇంట్లో నెల రోజులుగా పంచాయితీ నడుస్తోంది. మా అత్త అయితే ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంది: "పైకప్పు లేని కారుకి పైకప్పున్న కారు కంటే జాస్తి రేటెందుకమ్మే?"

నవ్వుకున్నాం గానీ, అడగాల్సిన ప్రశ్నే. అట్టపెట్టె మూత చింపేసి చేత్తో పట్టుకుంటే పెట్టె ఎలా మెలికలు తిరుగుతుందో, కారు పైకప్పు కోసేస్తే బాడీ కూడా అంతే. ఆ పోయిన బలాన్ని కింద గుమ్మాల్లో, ముందు అద్దం చట్రంలో ఇనుము పెంచి తిరిగి తేవాలి. బోల్తా పడితే తల నలగకుండా సీట్ల వెనక కమ్మీలు పెట్టాలి. ఈ మోడల్‌కి పైన గుడ్డ కాదు, అల్యూమినియం కప్పు. బటన్ నొక్కితే 20 సెకన్లలో రెండు ముక్కలుగా మడుచుకుని డిక్కీలోకి పోతుంది. దానికో మోటారు, హైడ్రాలిక్ పంపు, బోలెడు సెన్సార్లు. లేని కప్పుకి కాదు రేటు, ఆ మడతకి. ఇదంతా చెప్తే అత్త విని, "మరి సామాన్లు యాడ పెడతావు?" అంది. కప్పు వేసి ఉంటే డిక్కీ 310 లీటర్లు, తెరిస్తే 180. ఆ అంకెలు ఆవిడకి చెప్పలేదు.

ఈ పిచ్చి నాకు కాలేజీ రోజుల నుంచే ఉంది. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అని ఒక చిన్న బండి తయారయ్యేది. ఫైబర్ బాడీ, రెనో ఇంజను, రెండు సీట్లు. మన దేశంలో అలాంటి కారు చేసే ధైర్యం ఎవరికో వచ్చిందని చదివి, నేను ఎస్వీ మెడికల్ కాలేజీ హాస్టల్లో ఆ ఫొటో కత్తిరించి అనాటమీ పుస్తకంలో దాచుకున్నాను. తర్వాత మనసు మాజ్దా ఎంఎక్స్-5 మీద పడింది. 1989 నుంచి వస్తున్న బండి, పది లక్షలకు పైగా తయారయ్యాయి, కానీ మన దేశంలో కంపెనీ అమ్మదు. మినీ కంపెనీ వాళ్ల కన్వర్టిబుల్, అంటే కప్పు తెరిచే కారు, చూశాను, ముద్దుగా ఉంది గానీ నాకు పొడుగు ముక్కు బండి కావాలి. ఈ జెడ్4 అలాంటిదే. కూర్చుంటే దాదాపు వెనక చక్రాల మీద కూర్చున్నట్టుంటుంది. ఇంకో సంగతి: దీని బయటి రూపం గీసింది జూలియాన్ బ్లాసీ, లోపలి అలంకరణ చేసింది నాదియా ఆర్నౌట్. ఇద్దరూ ఆడవాళ్లే. స్పోర్ట్స్ కారు మగపిల్లల బొమ్మ అని మా మరిది అన్నప్పుడు ఈ మాట నాకు బాగా పనికొచ్చింది.

మా ఆయన లెక్క వేరు. "తిరుపతిలో కప్పు ఎప్పుడు తెరుస్తావు?" అని అడుగుతాడు. మార్చి నుంచి జూన్ దాకా ఎండ, మేలో 42 దాటుతుంది. పెరటాసి శనివారాల్లో ఊరంతా తమిళనాడు బస్సులు, వాటి పొగ. అక్టోబరు, నవంబరు వాయుగుండాలు. 2021 నవంబరులో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు చూసినవాళ్లం. మిగిలింది ఏడాదిలో సగం కూడా కాదు. "దానికి 27 లక్షలా?"

ఆయన లెక్కేసింది పగళ్లు. నా బతుకు పగటిది కాదు. నేను ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ని. ఏ ఒక్క ఆసుపత్రికీ చెందను. నాలుగైదు నర్సింగ్ హోముల నుంచి ఫోన్ వస్తే బ్యాగు పట్టుకుని వెళ్తాను. సిజేరియన్లు పగలు చూసుకుని రావు. రాత్రి రెండింటికి, మూడింటికి ఈ ఊళ్లో తిరిగే అలవాటు నాది. మే నెలలో కూడా ఆ వేళ గాలి ఒంటికి హాయిగానే ఉంటుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర నడి రాత్రి కూడా టీ కొట్టు ముందు జనం ఉంటారు గానీ, శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కితే రోడ్డు నాది. ఎదురుగా శేషాచలం చీకటి గోడలా నిలబడి, దాని మీద ఘాట్ రోడ్డు లైట్లు వరసగా కనిపిస్తాయి. కప్పున్న కార్లో అది ముందద్దం మేరకే దొరుకుతుంది. ధనుర్మాసంలో అయితే తెల్లవారుజామున గోవిందరాజస్వామి గుడి వైపు నుంచి తిరుప్పావై వినిపిస్తుంటుంది. అద్దాలు దించినా ఆ పాట సగమే లోపలికి వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది, మా ఆయన ఇంకా పట్టుకోలేదు. వెళ్లేటప్పుడు నాకు నమ్మకం కావాలి. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని ఫోన్ వస్తే, పన్నెండేళ్ల జర్మన్ బండి స్టార్ట్ అవుతుందా లేదా అని చూస్తూ నిలబడలేను. గాలి కావాల్సింది తిరిగొచ్చేటప్పుడు, తల్లీబిడ్డా క్షేమం అయ్యాక. ఒక కార్లో వెళ్లి ఇంకో కార్లో రాలేం కదా. కాబట్టి అర్ధరాత్రి పిలుపులకి నా పాత స్విఫ్టే. ముందే రాసుకున్న ఆపరేషన్లు ఉదయం ఆరింటికి మొదలవుతాయి, జెడ్4 వాటికి. పైగా ఆదివారాలు. ఇలా తీసేస్తూ పోతే నా గంటలూ తగ్గాయి. అయినా మా ఆయన లెక్క కంటే ఎక్కువే.

"కొండకి వేసుకెళ్తే బాగుంటుంది" అన్నవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క చోటికి మాత్రం నేను కప్పు తెరిచి వెళ్లను. 306 హార్స్‌పవర్ ఇంజను పెట్టుకుని అక్కడ చేసేదేం లేదు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి, ముందే చేరితే పట్టుకుంటారు. ఆ నిబంధన మంచిదే, ఆ మలుపుల్లో జరిగే ప్రమాదాలు చివరికి మా బల్ల మీదకే వస్తాయి. 2021 డిసెంబరులో రెండో ఘాట్ మీద పడిన బండరాళ్లు నాకింకా గుర్తున్నాయి. కోతుల సంగతి చెప్పక్కర్లేదు. మూత లేని కారు, అందులో అరటిపండు వాసన వచ్చే హ్యాండ్‌బ్యాగు!

చున్నీ గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే గొప్ప నర్తకి ఇలాంటి తెరిచిన కార్లోనే చనిపోయింది. పొడవాటి స్కార్ఫు చక్రంలో చిక్కుకుని మెడకి బిగిసింది. వందేళ్లనాటి వింత కథ అనుకోకండి. బైకు వెనక కూర్చున్న ఆడవాళ్ల చున్నీ చక్రంలో పడి, గొంతు నలిగి వచ్చిన కేసుల్లో ఊపిరి గొట్టం వేయడం ఎంత కష్టమో మా వాళ్లందరికీ తెలుసు. ఈ కార్లో చున్నీ వద్దు, జుట్టుకి ముడి. ఇది కొనకముందే పెట్టుకున్న నియమం.

అసలు భయం వేరే. నాకు ఫీజులు బాకీ ఉన్నవాళ్లున్నారు, పేర్లు వద్దు. ఇప్పుడు అడిగితే "వచ్చే వారం మేడం" అంటున్నారు. ఎర్ర సీట్ల కార్లో దిగితే ఆ వచ్చే వారం కూడా ఉండదు, మేడమ్‌కేం తక్కువ అనుకుంటారు. పేషెంటు తరఫు వాళ్లు బిల్లులో "మత్తు డాక్టరు ఛార్జీ" అన్న గీత చూసి, బయట నా కారు చూసి, రెండూ కలుపుకుంటారు. ఇదే బండిలో ఒక సర్జన్ వస్తే "ఎంత కష్టపడి పైకొచ్చాడో" అంటారు, నాకు తెలుసు. అందుకని ఆసుపత్రి గేటు ముందు కాకుండా రెండు వీధుల అవతల ఆపుకుందామా అని కూడా ఆలోచించాను. ఛీ, అంత పిరికితనం ఎందుకు? కొంటే గేటు ముందే ఆపుతాను.

ఇక డబ్బు. బండి కర్ణాటకది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలని చట్టం. అంటే బెంగళూరు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్. బండి వయసును బట్టి తగ్గించి వేస్తారు గానీ, మొదట్లో దాని ఖరీదు చిన్నది కాదు కాబట్టి తగ్గించాక కట్టేదీ చిన్నది కాదు. అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి అడగొచ్చు, దానికి బండి అమ్మే ఆయనే తిరగాలి. 2029కి పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు మళ్లీ ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్. బంకుల్లో ఇప్పుడొచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, ఈ బండి చేసినప్పుడు అది లెక్కలో లేదు. రబ్బరు పైపులూ ఫ్యూయల్ పంపూ చూపించుకోవాలి. స్టెప్నీ లేదు, పంక్చరైనా కొంతదూరం పోయే రన్‌ఫ్లాట్ టైర్లు. సర్వీసుకి చెన్నై, 130 కిలోమీటర్ల పైమాటే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దగ్గర ముందు బంపరు గీసుకుంటుందేమోనని వాచ్‌మన్ ఇప్పుడే దిగులు పెట్టుకున్నాడు.

పోయిన వారం బెంగళూరు వెళ్లి నడిపాను. పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద, కప్పు తెరిచి. ఆరు సిలిండర్ల చప్పుడు వెనక నుంచి నేరుగా చెవిలో పడుతుంది, మధ్యలో అడ్డం లేదు. పక్కన పాల వ్యాను డ్రైవరు నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ఆ కాసేపు పైన రాసిన ట్యాక్సుల మాట ఒక్కటీ గుర్తు లేదు. అందుకే అక్కడికక్కడ అవునని చెప్పకుండా, ఇడ్లీ తిని బయల్దేరి, తిరుగు దారిలో మొగిలి ఘాట్ దిగేదాకా ఫోన్ ముట్టుకోలేదు.

కొంటాను, షరతులతో. నాకు నచ్చిన మెకానిక్కు బండిని లిఫ్ట్ మీదకెత్తి చూడాలి. రాత్రంతా నిలబెట్టిన చల్ల బండి కప్పు వరసగా మూడుసార్లు తెరిచి మూయాలి. పంపు మూలిగినా, మధ్యలో ఆగినా బేరం లేదు. ఇక్కడ కట్టే ట్యాక్సు అమ్మే ఆయన చెప్పిన ధరలోంచి తీసేయాలి. అన్నీ కలిపి 24 లక్షల 50 వేలు, ఆపైన ఒక్క రూపాయి ఇవ్వను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మైసూరు నుంచి ఇంకో పార్టీ చూడ్డానికి వస్తోందట. రానీ.