మాట్లాడగలిగేంత వేగంలో

నాకు గుండెపోటు వచ్చినప్పుడు గుండెల్లో నొప్పి రాలేదు. దవడ లాగింది, వీపు మీద ఎవరో కూర్చున్నంత బరువు, ఒళ్లంతా చెమట, ఒకటే తేన్పులు. ముందు రోజు రాత్రి పునుగులు తిన్నాను కాబట్టి గ్యాస్ అనుకున్నాను. వీధి చివర క్లినిక్‌లో కూడా అదే మాట చెప్పి ఒక ఇంజక్షన్ చేసి పంపేశారు, ఈసీజీ తీయలేదు. మా అమ్మాయి ఊరుకోకుండా ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది కాబట్టి ఈవేళ ఇది రాయగలుగుతున్నాను. ఆడవాళ్లకి ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా ఇలాగే వస్తుందని డాక్టరు గారు తర్వాత చెప్పారు. అక్కచెల్లెళ్లందరికీ నా మనవి ఒకటే, దవడ నొప్పి, చెమటలు, ఆయాసం కలిసి వస్తే మాత్ర వేసుకుని పడుకోకండి, వెంటనే వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

మణికట్టు దగ్గర నుంచి వైరు పంపి, మూసుకుపోయిన రక్తనాళం తెరిచి ఉంచే చిన్న గొట్టం, స్టెంట్ ఒకటి వేశారు. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, గుండె పంపింగ్ 45 శాతం అని వచ్చింది, మామూలుగా 55 పైన ఉండాలట. అప్పటికి నాకు 54 ఏళ్లు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ధైర్యంగానే ఉన్నాను. భయమంతా ఇంటికొచ్చాక మొదలైంది. నాలుగు మెట్లెక్కితే దడ, దడ వస్తే భయం, భయం వేస్తే ఇంకా దడ. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది, దాన్ని లెక్కపెడుతూ తెల్లారేదాకా మేలుకునే ఉండేదాన్ని.

డాక్టరు గారు రోజూ నడవమన్నారు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచుకుంటూ అరగంటకి రావాలి. నేను వాడే మాత్రల్లో ఒకటి నాడి వేగాన్ని అణచి ఉంచుతుంది కాబట్టి వాచీలో అంకె చూసుకుంటే లాభం లేదన్నారు. "నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే మీ వేగం" అన్నారు. బాగానే ఉంది, కానీ మేడ మీద ఒక్కదాన్నీ నడుస్తూ ఎవరితో మాట్లాడను? మా ఆయన డ్యూటీకి, అమ్మాయి కాలేజీకి. ఐదు నిమిషాలు తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని కిందికి దిగిపోయేదాన్ని.

పక్కింటి పిన్నిగారు చెబితే బీచ్ రోడ్డుకి వెళ్లాను. విశాఖలో తెల్లవారుజామున ఆ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. కాళీ గుడి ఎదురుగా ఐదున్నరకి పదిహేను మంది దాకా చేరతారు. డబ్బు కట్టేది లేదు, పేరు రాయించుకునేది లేదు, వచ్చి నడవడమే. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ముందుంటారు.

మొదటి రోజు నేను చేసిన తప్పు, స్టెంట్ సంగతి ఎవరికీ చెప్పకపోవడం. కొత్తచోట జబ్బుమనిషిలా కనిపించడం ఇష్టంలేక వాళ్లతో సమానంగా నడవబోయాను. కాసేపటికే ఊపిరి అందక గట్టు మీద కూలబడ్డాను. మాస్టారు వెనక్కి వచ్చారు. "ఏటమ్మా, ఏటయింది?" అన్నారు. చెప్పాను. "ముందే చెప్పాలి కదమ్మా! మనవాళ్లలో ముగ్గురికి స్టెంట్లున్నాయి. నాలిక కింద పెట్టుకునే మాత్ర వెంట ఉందా?" అన్నారు. లేదు. రేపటినుంచి తెచ్చుకోమన్నారు, ఏ సంచిలో పెట్టుకున్నానో కూడా తనకి చెప్పమన్నారు.

మర్నాటి నుంచి నా పక్కన ఒక అక్కని నడిపించారు, టిఫిన్ కొట్టు నడిపి కోడలికి అప్పగించిన మనిషి. "ఈవేళ ఏం కూర?" అని మొదలుపెట్టేది. గుత్తివంకాయలోకి కారం ఎలా కూరతానో చెబుతుంటే "ధనియాలు వేయించి..." దగ్గర నా మాట తెగేది. ఆవిడ వెంటనే తన అడుగు తగ్గించేది. నన్ను తగ్గించమనేది కాదు, తనే తగ్గించేది. "శనగపప్పు..." అని నా మాట మళ్లీ అతుక్కున్నాక పాత నడక. డాక్టరు గారు చెప్పింది నాకు ఆ వంకాయ కూర దగ్గర అర్థమైంది.

కురుసుర సబ్‌మెరైన్ దగ్గర నాకొక లెక్క ఉండేది. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి 2001లో రిటైరయ్యాక ఒడ్డుకు లాక్కొచ్చి మ్యూజియం చేసిన ఆ సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు, నా అడుగుల్లో నూట అరవై. మొదటి వారం ముక్కు నుంచి తోక దాకా వెళ్లేసరికి ఒకసారి ఆగాల్సి వచ్చేది. తర్వాత ఆగకుండా ఒకసారి, రెండుసార్లు. ఆరో వారంలో ఒకరోజు అక్క తన కోడలి పురుడు సంగతి చెబుతుంటే నేను ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నాను, తీరా చూస్తే సబ్‌మెరైన్ ఎప్పుడో వెనకబడిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

మూడు నెలలకి ఎకోలో పంపింగ్ 52 వచ్చింది. నడక ఒక్కదానివల్లే అని నేననను, స్టెంట్ ఉంది, మందులు ఒక్కపూట మానలేదు. ముఖ్యంగా రక్తం పలచగా ఉంచే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఎవరూ ఆపకండి, స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదికొస్తుంది. మళ్లీ నిద్రపోగలిగింది మాత్రం కచ్చితంగా ఆ నడకవల్లే.

నవంబరులో అల్పపీడనం పట్టి మూడు రోజులు ఒకటే వాన. మొదటి రోజు ఐదింటికే మాస్టారు ఫోన్. "ఈవేళ ఎవరూ రావద్దమ్మా, గాలి ఎక్కువగా ఉంది. నువ్వు మాత్రం మానొద్దు, వరండాలో నడు." పెట్టేశాక రెండు నిమిషాల్లో మళ్లీ మోగింది, అక్క. వెనక వాన చప్పుడు, ఆవిడ కూడా వాళ్లింట్లో అటూ ఇటూ నడుస్తున్నట్టుంది. "మొదలెట్టావా? ఈవేళ ఏం కూర?"

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని చెప్పులేసుకున్నాను. పనసపొట్టు తెచ్చారు ఆయన, ఆవ పెట్టాలి అన్నాను. "ఎలా పెడతావో మొదట్నుంచీ చెప్పు" అంది.