ధాన్యంలో మాయిశ్చర్ 17 అంటే ఎంత నీరు?

వంశధార ఆయకట్టులో ఖరీఫ్ వరి నూర్పిళ్లు మొదలయ్యాయంటే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో అందరి నోటా వినిపించే మాట మాయిశ్చర్, అంటే గింజలోని తేమ. దుక్కికి తగిన నేల తడిని పదును అనీ, గోడకు పట్టిన తడిని చెమ్మ అనీ చెప్పుకునే మనం ధాన్యం దగ్గర మాత్రం ఈ ఇంగ్లీషు మాటనే పట్టుకున్నాము. మద్దతు ధరకు కొనే ధాన్యంలో ఇది 17 శాతానికి మించకూడదన్నది నిబంధన.

ఈ శాతాన్ని గింజ మొత్తం బరువు మీద లెక్కిస్తారు. అంటే 100 కిలోల ధాన్యంలో 17 కిలోలు నీరు, 83 కిలోలు ఎండు పదార్థం. 20 శాతం ఉన్న క్వింటాలు ధాన్యాన్ని 17 శాతానికి ఎండబెడితే 3 కిలోలే తగ్గుతుందనుకోవడం సహజం. కానీ ఎండినా మారనిది 80 కిలోల ఎండు పదార్థం కాబట్టి, అదే కొత్త బరువులో 83 శాతం కావాలంటే మిగిలేది సుమారు 96.4 కిలోలు, తరిగేది 3.6 కిలోలు. ఈ తరుగును రైతు తన కళ్లంలోనే భరించి 17 లోపు తెచ్చాక, తేమ పేరు చెప్పి బస్తాకు మళ్లీ కోత పెట్టడం ఎంతమాత్రం న్యాయం కాదు.

ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ చూసేందుకు వాడే మీటరు నీటిని తూచదు. గింజల విద్యుత్ గుణాన్ని బట్టి తేమను అంచనా కడుతుంది, ఆ గుణం గింజ వేడితోనూ మారుతుంది. అందువల్ల ఎండలోంచి తీసిన గింజలను చల్లారాకే పరీక్షించాలి, పైనున్న గుప్పెడు కాకుండా పలు బస్తాల లోపలి నుంచి నమూనా తీయాలి, అంకెను రైతుకు చూపించాలి.

పూర్వం కోసిన పనలు చేలోనే ఆరి, కుప్పలో కొన్నాళ్లుండి నూర్పిడికి వచ్చేవి. ఇప్పుడు కోత యంత్రం నుంచి పచ్చి ధాన్యం నేరుగా టార్పాలిన్ మీదికి వస్తోంది. పలుచగా పరచి తరచూ తిరగబోయాలి, మంచు పడకముందే కప్పాలి. ఎందుకంటే ఎండిన గింజ రాత్రి తేమను మళ్లీ పీల్చుకుంటే లోపల పగుళ్లు వచ్చి, మరలో నూక పెరుగుతుంది.

విత్తనానికి దాచుకునేవారు మాత్రం 17 దగ్గర ఆగకూడదు. మామూలు సంచిలో ఉంచే వరి విత్తనంలో తేమ 13 శాతానికి మించితే బూజు పడుతుంది, మొలక శక్తి తగ్గుతుంది.