నీళ్లు దిగిన దారిలో స్విట్జర్లాండ్

స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్లకు మంచుకొండలు, పచ్చిక మీద పాటలు గుర్తొస్తాయి. ఇంటర్లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహమే పెట్టారు. సినిమాలు చూసి అక్కడికి వెళ్లిన భారతీయులు అంతమంది మరి. మా ప్రయాణం మాత్రం మొత్తం సరస్సుల చుట్టూ తిరిగింది. అందుకు కారణం నాన్న. ఆయన ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఎక్కడ నీళ్లు కనిపించినా అవి ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని చూడందే ఆయనకు తోచదు. జ్యూరిక్‌లో ఉంటున్న మా చెల్లి అది తెలిసే ప్లాన్ వేసింది. "అన్నయ్యా, జులైలో రండి. పై సరస్సుల్లో మంచు పోయి ఉంటుంది, కింద వాటిలో పడవలన్నీ తిరుగుతుంటాయి" అంది. మేం ముగ్గురం బెర్న్ రాష్ట్రపు కొండల్లో, బెర్నీజ్ ఓబర్లాండ్ అనే ప్రాంతంలో తిరిగాం.

మొదట కాండర్‌స్టెగ్. దాదాపు 1,200 మీటర్ల ఎత్తున, నిటారు కొండల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. అక్కడి నుంచి కేబుల్ కారులో పైకి వెళ్లి, ఓ అరగంట పచ్చికబయళ్ల మీదుగా నడిస్తే ఓషినెన్ సరస్సు వస్తుంది. దాని మట్టం 1,578 మీటర్లు. మూడు వైపులా రాతి గోడలు. వాటి మీద 3,600 మీటర్లు దాటిన బ్లూమ్లిసాల్ప్ శిఖరాలు, వాటి హిమానీనదాలు. ఆ గోడల మీంచి సన్నటి ధారలు ఒకదాని పక్కన ఒకటి జారుతూ సరస్సులో పడుతున్నాయి. నీటి రంగు ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, లోపలికి పోయేకొద్దీ చిక్కటి నీలం. ఫొటోలో చూసినప్పుడు రంగు పెంచారేమో అనుకున్నాను. నిజానికి ఫొటోలో ఆ రంగు సగం కూడా పట్టలేదు.

ఆ రంగుకు కారణం రాయి. హిమానీనదం కదిలేటప్పుడు కింద ఉన్న రాయిని తిరగలిలా విసురుతుంది. ఆ పొడి ఎంత మెత్తనిదంటే, నీళ్లలో పడ్డాక వెంటనే అడుగుకు దిగదు, తేలుతూ ఉండిపోతుంది. దాని మీద పడ్డ వెలుతురులో నీలం, ఆకుపచ్చ మాత్రం మన కంటికి తిరిగి వస్తాయి. పొడి ఎక్కువైతే పాలు కలిపినట్టు, తక్కువైతే గాజులా. ఈ సంగతి తెలిశాక తర్వాత చూసిన ప్రతి సరస్సులోనూ రంగును బట్టి పైన ఏముందో ఊహించడం అలవాటైంది.

అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నాన్న పడమటి ఒడ్డున అటూ ఇటూ తిరిగి వచ్చి, "ఒరేయ్, వచ్చే నీళ్లు ఇన్నిచోట్ల కనిపిస్తున్నాయి. పోయే దారేదిరా? కాలువ లేదు, వాగు లేదు" అన్నారు. గట్టి ప్రశ్నే. ఆ సరస్సు పుట్టిందే కొండచరియ విరిగిపడటం వల్ల. వేల ఏళ్ల కిందట పైనుంచి కూలిన రాళ్లు లోయకు అడ్డంగా పడి ఆనకట్ట అయ్యాయి. నీళ్లు ఆ రాళ్ల గుట్ట లోపలి నుంచే, భూగర్భంలో ఇంకుతూ కిందికి పోతాయి. కొంత దిగువన ఊటలుగా బయటపడి వాగై, కాండర్ నదిలో కలుస్తాయి. కాండర్‌స్టెగ్ తాగేది, కొంత కరెంటు తీసుకునేది కూడా ఆ నీళ్లతోనే. అందుకే సరస్సు మట్టం ఒక్కచోట నిలవదు. వేసవిలో మంచు కరిగి నిండుతుంది, చలికాలం చివరికి చాలా కిందికి దిగిపోతుంది. "షట్టర్లు లేని రిజర్వాయర్ అన్నమాట" అని నాన్న ఆ రాళ్ల మీద కూర్చున్నారు. చెల్లి తెచ్చిన దద్దోజనం అక్కడే తిన్నాం.

భోజనమయ్యాక నాన్నను ఒడ్డున ఉంచి, చెల్లీ నేనూ హోయ్‌బెర్గ్ అనే గట్టు మీదకు ఎక్కాం. దారి నిటారుగా ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు జారుతుంది. మంచి బూట్లు లేకుండా వద్దు. కానీ సరస్సు పూర్తి ఆకారం చూడాలంటే అక్కడికే వెళ్లాలి. మరో సంగతీ అక్కడే అర్థమైంది. ఎదురుగా దక్షిణపు ఒడ్డు పైన ష్పిట్జె ష్టైన్ అనే శిఖరం ఉంది. లోపల రాళ్లను పట్టి ఉంచిన శాశ్వత మంచు వేడికి కరుగుతూ, ఆ కొండభాగం జారుతోంది. అందులో కదులుతున్న రాయి కోటి ఘనపు మీటర్లకు పైనే. పరికరాలు పెట్టి దాన్ని నిత్యం కొలుస్తున్నారు. దాని కింద కొన్ని నడక దారులు మూసేశారు. దిగువన ఊళ్లో కొన్నిచోట్ల కొత్త ఇళ్లు కట్టనివ్వడం లేదు. కొండచరియ వల్ల పుట్టిన సరస్సు మీదే మరో కొండచరియ వేలాడుతుంటే ఆ అందాన్ని మామూలుగా చూడలేం. నాకైతే గుండె బరువెక్కింది. సరస్సు అంటే అక్కడ ఎప్పుడూ ఉండేది, మనం వెళ్లి చూసి వచ్చేది అనుకుంటాం. దానికీ ఒక వయసుంటుంది, అది పుట్టడానికీ పోవడానికీ కారణాలుంటాయి.

మర్నాడు గ్రిండెల్‌వాల్డ్ మీదుగా బాఖాల్ప్ సరస్సుకు వెళ్లాం. 2,265 మీటర్లు. ఫస్ట్ అనే కేబుల్ కార్ స్టేషన్ నుంచి గంటలోపు తేలికైన నడక, పెద్దవాళ్లు కూడా నడవగలరు. గాలి లేకపోతే ష్రెక్‌హార్న్ శిఖరం నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు మబ్బు పట్టింది. ఆవుల మెడగంటలు వింటూ కాసేపు కూర్చుని తిరిగొచ్చాం.

ఇక కింది సరస్సులు. ఇంటర్లాకెన్‌కు ఒకవైపు బ్రియెంజ్, మరోవైపు తూన్. రెండూ సముద్రమట్టానికి 560 మీటర్ల అటూఇటూ ఎత్తులో ఉంటాయి. ఆరె నది గ్రిమ్‌జెల్ కొండల్లో పుట్టి బ్రియెంజ్‌లోకి వస్తుంది, ఇంటర్లాకెన్ మధ్యగా తూన్‌లోకి పోతుంది, అక్కడి నుంచి బెర్న్ మీదుగా చివరకు రైన్ నదిలో కలుస్తుంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఈ రెండు సరస్సుల మీద పడవలకు వేరే టికెట్ అక్కర్లేదు. రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండొచ్చు.

బ్రియెంజ్ మీద 1914 నాటి ఆవిరి పడవ ఇంకా తిరుగుతోంది, పేరు లోట్ష్‌బెర్గ్. ఇంజన్ గదిని పైనుంచి చూసేలా తెరిచి ఉంచారు. నాన్న అక్కణ్ణుంచి కదల్లేదు. గీస్‌బాఖ్ దగ్గర దిగితే 14 అంచెలుగా కొండ మీంచి దూకే జలపాతం ఉంది. రేవు నుంచి పైనున్న హోటల్‌కు 1879లో వేసిన తాళ్ల రైలు ఎక్కాం. మొదట్లో అది నీళ్ల బరువుతోనే నడిచేది. పైనున్న పెట్టె కింద తొట్టిలో నీళ్లు నింపితే ఆ బరువుకు అది కిందికి దిగుతూ కింది పెట్టెను పైకి లాగేది. జలపాతం పక్కనే ఉండగా వేరే ఇంధనం ఎందుకు అనుకున్న ఆ ఇంజనీర్లంటే నాకు గౌరవం కలిగింది.

ఇసెల్ట్‌వాల్డ్ అనే ఊరి రేవులో మాత్రం ఫొటో కోసం జనం బారులు తీరి ఉన్నారు. ఓ కొరియన్ సీరియల్‌లో ఆ చెక్క రేవు కనిపించిందట. రద్దీ తట్టుకోలేక ఊరివాళ్లు గేటు పెట్టి 5 ఫ్రాంకులు తీసుకుంటున్నారు. మేం పడవలోంచే చూశాం.

బ్రియెంజ్ నీళ్లు తూన్ కంటే పాలలా ఉంటాయి. ఆరె, లూట్షినె నదులు తెచ్చే రాతిపొడి ముందు ఇక్కడే ఆగుతుంది. లోతు 260 మీటర్లు. ఈ సరస్సులో నన్ను బాగా ఆలోచింపజేసింది చేపల సంగతి. ఇక్కడ చేపలు బాగా తగ్గిపోయాయి, ఆ నీళ్లలో తిండి లేక. మురుగునీటిని శుద్ధి చేయడం, 1986లో సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్లను నిషేధించడం వల్ల నీళ్లు ఎంత శుభ్రపడ్డాయంటే, నాచు తగ్గింది. నాచు తినే సూక్ష్మజీవులు తగ్గాయి, వాటిని తినే ఫెల్హెన్ చేపలూ తగ్గాయి. వృత్తిగా వల వేసేవాళ్లు దాదాపు లేనట్టే. కొంత ఫాస్ఫరస్ ఉండనివ్వమని జాలర్లు అడిగారు. శుభ్రమే ముఖ్యమని మిగతావాళ్లు ఒప్పుకోలేదు.

కైకలూరు పక్క పుట్టిన నాకు ఇది వినగానే కొల్లేరు కళ్ల ముందు తిరిగింది. మా దగ్గర కథ సరిగ్గా దీనికి ఎదురు. చేపల కోసమే సరస్సును చెరువులుగా కట్టలు కట్టి కోసేశారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో ప్రభుత్వం ఆ గట్లు పేల్చింది. తగువు మాత్రం ఇంకా తెగలేదు. అక్కడ జాలర్లదీ ఇక్కడ జాలర్లదీ బతుకు ప్రశ్నే. ఈ రెంటిలో ఏదీ తేలిగ్గా తీసేయగలిగింది కాదు. బ్రియెంజ్‌లో ఆ వాదన కొలతల మీద, పరిశోధనల మీద నడుస్తోంది. మనకూ అలా జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

తూన్ సరస్సును చివరకు ఉంచుకున్నాం. ష్పీట్స్ కోట కింద రేవులో పడవ ఎక్కితే ఎడమ ఒడ్డున నీజెన్ కొండ, సరిగ్గా పిరమిడ్ ఆకారంలో. కొంతదూరం పోయాక ఒడ్డున చెట్ల మధ్య నుంచి ఓ నది సరస్సులోకి వస్తూ కనిపించింది. కాండర్! ఓషినెన్ రాళ్లలో ఇంకిపోయిన నీళ్లు మళ్లీ ఇక్కడ. అయితే ఇది ఆ నది సహజమైన దారి కాదు. 300 ఏళ్ల కిందటి వరకు కాండర్ ఈ సరస్సులోకి వచ్చేదే కాదు. ఓ గుట్ట వెనకాలగా పోయి, తూన్ ఊరు దాటాక ఆరెలో కలిసేది. కలిసే చోట ఊళ్లనూ పొలాలనూ ముంచేది. అందుకని బెర్న్ పాలకులు 1711లో గుట్టను తొలిచి నదిని సరస్సులోకి మళ్లించే పని మొదలుపెట్టి 1714లో నీళ్లు వదిలారు. నది ఆ సొరంగాన్ని కోసుకుంటూ పోయింది, కప్పు కూలి లోతైన గండిగా మారింది. కాండర్ నీళ్లన్నీ సరస్సులో పడ్డాయి గాని, సరస్సు నుంచి బయటకు పోయే దారి పాతదే. ఈసారి తూన్ ఊరే మునిగింది. తర్వాత అక్కడ నది దారులు వెడల్పు చేసి, నీళ్లను ఆపి వదిలేందుకు చెక్క లాకులు కట్టారు.

ఇది వింటూ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మన బుడమేరు లాగే కదరా" అన్నారు. వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలోకి పంపే బుడమేరు. 2024 సెప్టెంబరులో దాని కట్టలకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఓ ఊరిని కాపాడటానికి నీళ్లను మళ్లిస్తే అవి పోయే చోట దారి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని ఆయన సర్వీసంతా చెబుతూనే ఉన్నారు.

తూన్‌లో ఆ లాకులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పైన కప్పుతో చెక్క వంతెనలా ఉంటాయి, వాటి మీంచి నడిచిపోవచ్చు. కింద దూకే నీటి అల మీద కుర్రాళ్లు సర్ఫింగ్ చేస్తున్నారు. 2005 వరదలో ఊరు మళ్లీ మునిగాక రైల్వే స్టేషన్ ప్రాంతం కిందుగా సొరంగం తవ్వారు. 2009 నుంచి వరద సమయంలో సెకనుకు 100 ఘనపు మీటర్ల దాకా నీళ్లు అందులోంచి పోతాయి. "అంటే మూడున్నర వేల క్యూసెక్కులు" అని నాన్న వెంటనే లెక్క కట్టారు. 1714లో చేసిన పని సరిదిద్దడానికి దాదాపు 300 ఏళ్లు పట్టింది.

ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ఒక్కరోజులో కూడా నీళ్ల వెంట దిగిరావొచ్చు. పొద్దున్నే కాండర్‌స్టెగ్ చేరుకుని ఓషినెన్ చూసి, మధ్యాహ్నం రైల్లో అరగంటలో ష్పీట్స్ వచ్చేయండి. స్టేషన్ నుంచి రేవు దిగుడు దారే, పావుగంట నడక. అక్కడ తూన్ పడవ ఎక్కి, నీజెన్ వైపు ఒడ్డు కనిపించేలా కూర్చోండి, కాండర్ కలిసే చోటు ఆ వైపే వస్తుంది.