విద్యార్థులమే నడిపే డిజైన్ కార్యాలయానికి లక్ష్యాలు రాసుకున్న క్రమం: నా అనుభవం

మా ఆర్కిటెక్చర్ కళాశాలలో విద్యార్థులమే నడుపుకొనే డిజైన్ కార్యాలయం ఒకటి ఉండాలని, ఆర్కిటెక్టును పెట్టుకునే స్తోమత లేని చుట్టుపక్కల ఊళ్లకు, వాడలకు అది ఉపయోగపడాలని మూడో సంవత్సరంలో ఉండగా అనుకున్నాం. అనుమతి కోసం వెళ్తే ప్రిన్సిపాల్‌గారు లక్ష్యాలేమిటో ఒక్క పేజీలో రాసి తెమ్మన్నారు. ఆ పేజీ తయారుకావడానికి దాదాపు ఒక సెమిస్టరు పట్టింది. ఇలాంటి ప్రయత్నం చేయదలచుకున్నవారికి పనికొస్తుందని ఆ క్రమాన్ని రాస్తున్నాను.

ముందుగా ఇతరులు ఏం చేశారో చదివాం. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ 1993లో ప్రారంభించిన రూరల్ స్టూడియో అనే డిజైన్ శిక్షణ సంస్థ విద్యార్థులు అలబామా రాష్ట్రంలోని హేల్ కౌంటీలో ఉంటూ, అక్కడి పేద కుటుంబాలకు ఇళ్లను తామే డిజైను చేసి, తామే కట్టి ఇచ్చారు. ఆ ఇళ్ల రూపం కంటే, ఆ సంస్థ ఏళ్ల తరబడి అదే ప్రాంతాన్ని అంటిపెట్టుకొని ఉండటం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. అందుకే ఎంత దూరమైనా వెళ్లి సేవ చేస్తామన్న వాక్యాన్ని తీసేసి, తరగతులు అయ్యాక బస్సెక్కి వెళ్లి చీకటిపడేలోగా తిరిగి రాగలిగినంత దూరంలోనే పని ఒప్పుకుంటామని రాశాం. ఒక చోటికి మళ్లీ మళ్లీ వెళ్లలేనివాళ్లు అక్కడి అవసరాన్ని అర్థం చేసుకోలేరని ఇప్పటికీ నా నమ్మకం.

రెండో విషయం చట్టానికి సంబంధించింది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు మాత్రమే తమను ఆర్కిటెక్టులుగా చెప్పుకోవాలి. విద్యార్థులకు ఆ హక్కు లేదు. కాబట్టి, ఉన్న కట్టడాన్ని కొలిచి గీయడం, వాడేవారితో కూర్చొని రెండు మూడు ప్రత్యామ్నాయాలు తయారుచేయడం, పంచాయతీ తీర్మానానికి జతచేయదగిన డ్రాయింగులు ఇవ్వడం మా పని అని, ప్రతి డ్రాయింగునూ కౌన్సిల్‌లో నమోదైన మా అధ్యాపకులొకరు పరిశీలించి సంతకం చేశాకే బయటికి వెళ్తుందని స్పష్టంగా రాసుకున్నాం. శ్లాబు, పునాదుల లెక్కలు మా పరిధిలోకి రావు; అవి సివిల్ ఇంజినీరు చూడవలసినవి.

అసలైన లక్ష్యం మాత్రం ఒక అంగన్‌వాడీ భవనం దగ్గర తేలింది. పాత కేంద్రాన్ని బాగుచేసే ఆలోచన ఉందని తెలిసి మేము గీసి తీసుకెళ్లిన బొమ్మలను అక్కడి టీచరుగారు ఓపికగా చూసి, “బాగానే ఉంది బాబూ, బియ్యం బస్తాలు ఎక్కడ పెట్టుకోమంటారు?” అని అడిగారు. ఆయమ్మ మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లి, పిల్లలు పడుకునే చాపలు ఆరేసే చోటు, కుళాయి అందక పిల్లలు ఎక్కి నిలబడే రాయి చూపించారు. కేంద్రం నేలమట్టం వాకిలి కంటే 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవన్న ప్రమాణం ప్రకారం ర్యాంపు 5.4 మీటర్లు రావాలి; గుమ్మానికీ రోడ్డుకూ మధ్య అంత స్థలం లేదు. ర్యాంపు ఎవరికోసమని వార్డు సభ్యుడొకరు అడిగినప్పుడు, బరువు చూపించుకోవడానికి వచ్చే నిండు గర్భిణులు ఈ మెట్లు ఎలా ఎక్కుతున్నారో ఒకసారి చూడండని టీచరుగారే బదులిచ్చారు. ర్యాంపును గోడ వెంబడి తిప్పాం, కుళాయిని కిందికి దించాం, బస్తాలకు గచ్చు మీద ఎత్తుగా అరుగు చూపించాం. ఆ సాయంత్రమే మా పేజీలోని ‘సమాజ సేవ’, ‘సుస్థిరత’ వంటి పెద్ద మాటలన్నీ కొట్టేసి, “కట్టడాన్ని రోజూ వాడేవారు అడిగినదానికి డ్రాయింగులో జవాబు కనిపించాలి” అన్న వాక్యం రాశాం. మిగిలిన లక్ష్యాలన్నీ దాని కిందికే వస్తాయి.

కలిసి పనిచేయడం గురించి మాలో మాకే చాలా వాదన జరిగింది. సీనియర్లు ఆలోచిస్తే జూనియర్లు గీసిపెట్టే పద్ధతి వద్దని, ప్రతి పనిలోనూ రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు ఊరివాళ్లతో మాట్లాడే బాధ్యత తీసుకోవాలని, డ్రాయింగు మీద వ్యక్తుల పేర్లు కాక కార్యాలయం పేరే ఉండాలని నిర్ణయించాం. మాది ఐదేళ్ల కోర్సు. పైగా ఒక సెమిస్టరు ప్రాక్టికల్ ట్రైనింగుకు బయటికి వెళ్లాలి. అంటే మొదలుపెట్టినవాళ్లే పూర్తిచేయడం అరుదు. అందువల్ల కొలతలు, ఫొటోలు, ఎవరు ఏం అడిగారన్న వివరాలు ఒకే ఫైలులో ఉండాలన్నదాన్ని నియమంగా కాక లక్ష్యంగానే చేర్చాలని నేను పట్టుబట్టాను. ఫైలు సరిగా లేకపోతే ఊరివాళ్లు ప్రతి కొత్త బ్యాచికీ తమ ఇబ్బందులను మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది. అది వాళ్ల సమయాన్ని తినేయడమే.

డబ్బు సంగతి త్వరగానే తేలింది: రుసుము తీసుకోము, ప్రింట్ల ఖర్చు కళాశాల భరిస్తుంది. ప్రిన్సిపాల్‌గారు ఆ పేజీ చదివి, ఏడాదికి రెండు పనులకు మించి ఒప్పుకోవద్దన్న షరతు తన చేత్తో చేర్చి అనుమతి ఇచ్చారు. అంగన్‌వాడీ డ్రాయింగులు పంచాయతీ తీర్మానంతోపాటు మండల ఇంజినీరు కార్యాలయానికి వెళ్లాయి. ఆ ఫైలు ఇప్పుడు జూనియర్ల దగ్గర ఉంది.