గ్రూపులో చేరారు సరే, ఏమడగాలి?

ఉద్యోగినుల నెట్‌వర్కింగ్ గ్రూపులో చేరిన చాలామంది మొదట పెట్టే మెసేజ్ ఒకటే: "ఏదైనా ఓపెనింగ్ ఉంటే చెప్పండి." దానికి జవాబు రాదు. ఏ పని, ఎంత అనుభవం, ఏ కంపెనీ అన్నది ఊహించుకునే భారమంతా చదివేవాళ్ల మీదే పడుతుంది మరి. మీ పని, అనుభవం, దృష్టిలో ఉన్న రెండు మూడు కంపెనీలు, కావాల్సిన సాయం నాలుగు వాక్యాల్లో రాయండి. "అక్కడి టీమ్‌లో పనిచేసినవాళ్లతో పదిహేను నిమిషాలు మాట్లాడాలి" అంటే ఎవరో ఒకరికి ఒక పేరు తడుతుంది. పరిచయం చేసేవాళ్లు యథాతథంగా ఫార్వర్డ్ చేసేలా ఆ మెసేజ్ ఉండాలి.

పెద్ద గ్రూపు ఒక్కటే సరిపోదు. ఎంబీఏ పట్టభద్రుల పరిచయాలపై యాంగ్, చావ్లా, ఉజ్జీ చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. పై హోదా ఉద్యోగాలు దక్కిన మహిళలకు విస్తృత పరిచయాలతో పాటు, తరచూ మాట్లాడుకునే ఆడవాళ్ల చిన్న బృందం కూడా ఉందని అందులో తేలింది. మగవాళ్ల విషయంలో విస్తృత పరిచయాలే ప్రధానం. ఇంకో మెలిక: ఆ చిన్న బృందంలో ఒక్కొక్కరి పరిచయాలు ఒక్కో వైపు ఉండాలి. ఒకే ఆఫీసు స్నేహితురాళ్లు నలుగురు కలిస్తే నలుగురికీ తెలిసింది ఒకటే.

అందుకే వేర్వేరు సంస్థల నుంచి నలుగురైదుగురు చాలు. నెలకో గంట, మనిషికి పన్నెండు నిమిషాలు, టైమర్ తప్పనిసరి. లేకపోతే ఒకరి బాస్ గొడవకే గంట కాస్తా అయిపోతుంది.

జీతం సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. "మీకెంత?" అంటే ఇబ్బంది పడతారు, "ఎనిమిదేళ్ల అనుభవానికి ఈ పనికి ఎంత నుంచి ఎంత వరకు అడగొచ్చు?" అంటే చెప్తారు. కనీసం ముగ్గురిని విడిగా అడగండి. స్థిర జీతం, బోనస్, షేర్లు వేర్వేరుగా రాసుకోండి. అన్నీ కలిపిన అంకె పట్టుకుని బేరానికి వెళ్తే దెబ్బతింటారు.

ప్రమోషన్ మాత్రం బయటి గ్రూపు ఇప్పించలేదు. మీరు లేని మీటింగులో మీ పేరెత్తే సీనియర్ మీ సంస్థలోనే ఉండాలి, చాలాచోట్ల ఆ సీనియర్ మగవాడే. ఆయనతో ఏం మాట్లాడాలో గ్రూపులో ముందుగా రిహార్సల్ చేసుకోవచ్చు.

సాయం చేసినవాళ్లకు రెండు వారాల్లో ఫలితం చెప్పండి, ఉద్యోగం రాకపోయినా సరే. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.