రిక్తికలు: ఒక ప్రశ్నతో అర్థమైన పాఠం

మాక్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది: ‘జంతు కణాల్లో రిక్తికలు ఉండవు. ఒప్పా, తప్పా?’ రిక్తికలంటే కణంలో పొర చుట్టి ఉండే సంచుల్లాంటి భాగాలు (వాక్యూల్స్). ఒప్పు అని పెట్టాను. మార్కు రాలేదు సరికదా, నెగెటివ్ కూడా పడింది. కణాంగాల పట్టిక అన్నిసార్లు చదివి కూడా ఇలా అయ్యిందేమిటని చాలా బాధపడ్డాను. పట్టికలో జంతుకణం కింద ‘చిన్నవి, లేదా ఉండవు’ అని ఉంటే, నాకు చివరి మాట ఒక్కటే గుర్తుండిపోయింది.

ఆ తర్వాత పట్టిక పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేసుకున్నాను: కణంలోకి నీళ్లు ఎక్కువగా వస్తే ఏమవుతుంది?

వృక్షకణం సంగతి చూడండి. రిక్తం అంటే ఖాళీ, కానీ ఇక్కడ ఖాళీ ఏమీ లేదు. పూర్తిగా ఎదిగిన కణంలో ఒక్క రిక్తికే 90 శాతం దాకా చోటు తీసుకుంటుంది. కేంద్రకం కూడా అంచుకు జరిగిపోతుంది. లోపల కణరసం: నీళ్లు, చక్కెరలు, లవణాలు, ఆమ్లాలు, వ్యర్థాలు. ఎన్నో పూలకు ఎరుపు, ఊదా రంగులిచ్చే ఆంథోసయనిన్లు ఉండేదీ ఇందులోనే. చుట్టూ ఉన్న పొర టోనోప్లాస్ట్. ఇది శక్తి ఖర్చు పెట్టి మరీ అయాన్లను లోపలికి చేరుస్తుంది. దాంతో రసం గాఢత పెరుగుతుంది, ద్రవాభిసరణ వల్ల (అంటే పొర గుండా నీళ్లు పలుచని వైపు నుంచి గాఢమైన వైపుకు వెళ్లడం) నీళ్లు లోపలికి వస్తాయి, రిక్తిక ఉబ్బుతుంది. గట్టి కణకవచం ఉంది కాబట్టి కణం పగిలిపోదు, బిగుతుగా నిలబడుతుంది. లేత మొక్క నిటారుగా ఉండేది ఈ ఒత్తిడి వల్లే. నీళ్లు తగ్గితే వాడిపోతుంది.

మంచినీటి అమీబాకు కణకవచం లేదు. నీళ్లేమో లోపలికి వస్తూనే ఉంటాయి. అందుకే సంకోచ రిక్తిక ఆ నీటిని పోగుచేసి బయటకు తోసేస్తుంది, మళ్లీ నిండుతుంది. పేరు ఒకటే, కానీ ఒకటి నీళ్లను నిలుపుకుంటుంది, ఇంకొకటి తోడిపోస్తుంది! ఇది తెలిశాక ఈ పాఠం నాకు బట్టీ పట్టాల్సినది కాకుండా పోయింది. అమీబాలో ఆహార రిక్తిక వేరే, జీర్ణక్రియ జరిగేది అందులో. బహుకణ జంతువుల కణాల్లో ఉంటే చిన్నవి, చాలావరకు తాత్కాలికమైనవి.

నిశ్చితం–కారణం ప్రశ్నలంటే టెన్షన్ పడేవాళ్లు దీన్నొకసారి రాసి చూడండి: సముద్రపు నీటిలో ఉండే అమీబాల్లో చాలావాటికి సంకోచ రిక్తిక ఎందుకు ఉండదు?