లంబసింగి ఘాట్ దిగినా చెదరని స్ట్రాబెర్రీ కోసం: మూడో ఏటి దాకా చిట్టా

లంబసింగి, చింతపల్లి వైపు స్ట్రాబెర్రీ వేసే రైతుకు సెప్టెంబరు వచ్చిందంటే మొదటి ఖర్చు నారే. అది ఎక్కువగా మహారాష్ట్ర నుంచి వస్తుంది. తోటల్లో కనిపించే స్వీట్ చార్లీ, వింటర్ డాన్, కామరోసా లాంటి రకాలన్నీ ఫ్లోరిడా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో పుట్టినవే. ఇక్కడా బాగానే పండుతాయి, కానీ ఇక్కడి అవసరం చూసి ఎంచినవి కావు. ఇక్కడి అవసరాలు రెండు. మంచు చూడటానికి జనం వచ్చే డిసెంబరు చివరికల్లా కాయ చేతికి రావాలి. ఘాట్ దిగి, నర్సీపట్నం మీదుగా విశాఖ చేరేసరికి డబ్బా అడుగున రసం కారకూడదు. ఈ రెండూ తీర్చే సొంత రకాన్ని సంకరంతో పుట్టించే ప్రయత్నానికి చిట్టా ఇది. ప్రతి మొక్కనూ ఈ రెండిటితోనే కొలిచాం. రుచి, రంగు, ఆకారం ఆ తర్వాతే.

స్ట్రాబెర్రీలో ఈ పని చిన్న స్థాయిలో చేయగలగడానికి ఒక కారణం ఉంది. వరిలో అయితే సంకరం చేశాక ఆరేడు తరాలు స్థిరపరచాలి. తోట స్ట్రాబెర్రీ కణంలో ఏడేసి క్రోమోజోములు ఎనిమిది వరసలు, మొత్తం 56. చిలీ జాతి, వర్జీనియా జాతి 18వ శతాబ్దంలో యూరప్ తోటల్లో కలిసి పుట్టిన సంకరం ఇది. అందుకే ఒకే కాయలోని రెండు గింజలు ఒకే రకం మొక్కనివ్వవు. నచ్చిన మొక్క ఒక్కటి దొరికితే మాత్రం దాని రన్నర్లన్నీ (నేల మీద పాకి వేరూనే పిల్ల తీగలు) అచ్చు అదే. గింజతో వైవిధ్యం, రన్నరుతో స్థిరత్వం. మొదటి తరంలోనే రకం దొరకొచ్చు.

మొదటి ఏడు, డిసెంబరు – జనవరి: సంకరం

తల్లి కామరోసా, తండ్రి స్వీట్ చార్లీ. కామరోసా కాయ పెద్దది, గట్టిది, కానీ ఆలస్యం. స్వీట్ చార్లీ తొందరగా వస్తుంది, తియ్యన, కాయ మీద ఆంత్రక్నోజ్ తెగులు మచ్చను బాగా తట్టుకుంటుంది, కానీ మెత్తన. ఒకదాని లోటు రెండోదానిలో ఉంది. రెండూ 1990ల మొదట్లో విడుదలైన పాత రకాలే. కొత్త రకాల నారు కొనేటప్పుడు మాత్రం ఒప్పంద పత్రం చదవండి, సంకరానికి వాడకూడదన్న షరతు ఉండొచ్చు.

తల్లి మొక్కలు ఆరు, తండ్రి మొక్కలు నాలుగు, 10 అంగుళాల కుండీల్లో, పురుగు రాని నెట్ కింద. కుండీలో పెడితే పూలు కంటి ఎత్తుకు తెచ్చుకుని పని చేయొచ్చు.

మొగ్గ ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. తెల్ల రేకులు బయటికి కనిపిస్తూ ఇంకా విప్పుకోని మొగ్గ కావాలి. గెలలో అన్నిటికన్నా ముందు వచ్చే నడిమి మొగ్గ అయితే గింజలు ఎక్కువ, పక్క మొగ్గలు తుంచేయాలి. సన్నని బ్లేడుతో మొగ్గ చుట్టూ అడుగు నుంచి గాటు పెట్టి, రక్షక పత్రాలు, రేకులు, కేసరాలు ఒకే పొరలా ఊడదీశాం. మధ్యలో ఆకుపచ్చ గుబ్బ మాత్రమే మిగలాలి. గాటు లోతైతే గుబ్బ కింద కాడ తెగి రెండు రోజుల్లో వాడిపోతుంది. వెంటనే బటర్ పేపరు సంచి తొడగాలి. పుప్పొడి తిత్తులు పసుపుపచ్చగా గట్టిగా ఉన్నంతసేపు భయం లేదు. ముదురు రంగు తిరిగి పొడి రాలుతుంటే ఆలస్యమైపోయినట్టే, ఆ పువ్వు తనను తాను ఫలదీకరించుకునేసి ఉంటుంది.

పుప్పొడికి విచ్చుకోబోయే స్వీట్ చార్లీ మొగ్గల నుంచి తిత్తులు గిల్లి, తెల్లకాగితం మీద పరిచి, 40 వాట్ల బల్బుకు అడుగు దూరంలో రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి పసుపు పొడి. చిన్న గాజు సీసాలో సిలికా జెల్ పొట్లంతో ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో వాడేశాం. కేసరాలు తీసిన మర్నాటి నుంచి వరసగా మూడు రోజులు, పొద్దున పది దాటి పూత మీద తేమ ఆరాక, మెత్తని కుంచెతో గుబ్బ అంతా అద్దాలి. ఒక వైపే అద్దితే కాయ ఆ వైపే ఉబ్బి వంకర పోతుంది. స్ట్రాబెర్రీలో గింజ పట్టిన చోటే కండ పెరుగుతుంది.

22 పూలకు కేసరాలు తీశాం. వాటిలో 4 పూలకు పుప్పొడి అద్దకుండా సంచి కట్టి వదిలేశాం. ఈ నాలుగూ కాయ కట్టకూడదు. మూడు ఎండిపోయాయి, ఒకటి మాత్రం ఉబ్బి అక్కడక్కడా గింజ పట్టింది. అంటే ఆ రోజు మొగ్గలు కాస్త ముదిరినవి. అదే రోజు చేసిన మరో మూడు సంకరాలూ తీసేశాం. ఈ కాపలా పూలు పెట్టకపోతే స్వపరాగం వల్ల పుట్టిన నీరసపు మొక్కలను సంకరాలనుకుని ఏడాదంతా పెంచుతాం. మిగిలిన 15లో ఒకటి కాడ తెగింది, ఒకటి మంచుకు పోయింది. గడ్డకట్టే రాత్రి తర్వాత పువ్వు నడుమ నల్లబడితే ఇక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. 13 కాయలు దక్కాయి. అద్దిన రోజు నుంచి పండటానికి నెల పైనే పట్టింది, చలి ముదిరిన వారాల్లో ఇంకా ఆలస్యం.

ఫిబ్రవరి – మే: గింజ

బాగా పండి ముదురెరుపు తిరిగాకే కోయాలి. మిక్సీ బ్లేడుకు టేపు చుట్టి మొద్దు చేసి, రెండు మూడు కాయలకు గ్లాసు నీళ్లు పోసి, అతి తక్కువ వేగంలో ఐదు సెకన్ల చొప్పున మూడు సార్లు తిప్పాం. గట్టి గింజ అడుగుకు చేరుతుంది, తాలు తేలుతుంది. గుజ్జు మిగిలితే బూజు ఖాయం, కాబట్టి టీ జల్లెడలో ఐదారు సార్లు కడగాలి. నీడలో మూడు రోజులు ఆరాక సుమారు 1,700 గింజలు. కాగితం కవరులో, గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో.

వెంటనే విత్తాలని ఎవరికైనా చేతులు లాగుతాయి. విత్తకూడదు. ఏప్రిల్, మే వేడిలో లేత నారు నిలబడదు. అక్టోబరు నాటుకు నాలుగు నెలల నారు చాలు.

మే మొదట్లో 600 గింజలు తీసి, తడి టిష్యూలో చుట్టి, జిప్ కవరులో 4 డిగ్రీల దగ్గర ఐదు వారాలు ఉంచాం. పెద్ద కేంద్రాల్లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నిమిషాల లెక్కన ముంచి పైపెంకు పలచన చేస్తారు. మొలక ఒకేసారి వస్తుంది, నిజమే, కానీ ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు. చలి పద్ధతిలో పోయేది ఈ ఐదు వారాలే.

జూన్ – సెప్టెంబరు: నారు

జల్లించిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్లు, వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పలుకులు) ఒక పాలు. కోకోపీట్‌ను మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి. స్ట్రాబెర్రీ ఉప్పును అసలు ఓర్చుకోదు, మొలక దశలో మరీ. గింజను మట్టితో కప్పకూడదు. పైన చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయాలి, మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. ట్రేకు 100 గింజలు, పైన గాజు పలక, నీడ, 20–24 డిగ్రీలు. తడి అడుగు నుంచే ఇవ్వాలి. పైనుంచి పోస్తే గింజ మూలకు కొట్టుకుపోతుంది, పచ్చటి నాచు పడుతుంది, దాని వెంటే నారుకుళ్లు.

మొదటి మొలక 13వ రోజున, చివరిది 38వ రోజున. 600లో 372 వచ్చాయి. ఆలస్యంగా మొలిచినవి నీరసమైనవని పారేయడం పొరపాటు. మొలక ఆలస్యానికి పెంకు మందమే కారణం కావొచ్చు, కాయ గుణంతో దానికి సంబంధం లేదు.

రెండు అసలాకులు రాగానే 50 గుంతల ప్రోట్రేలోకి మార్చాం. ఇలా మార్చేటప్పుడు నడిమి చిగురు మట్టిలో పూడుకుపోతేనే ఎక్కువ నష్టం. 19:19:19 ఎరువు లీటరు నీటికి అర గ్రాము, వారానికి ఒకసారి. వాన తగలకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పడం తప్పనిసరి.

అక్టోబరు – మార్చి: మొదటి చూపు

25 సెంటీమీటర్ల ఎత్తు మడులు, వెండి–నలుపు మల్చింగ్ షీటు, డ్రిప్పు. రైతు తోటలో మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్లు ఇస్తారు, ఇక్కడ 40 ఇచ్చాం. కారణం రన్నర్లు. ప్రతి మొక్కా వేరు రకం కదా, ఒకదాని రన్నరు పక్కదాని మొదట్లో వేరూనితే ఏది ఏదో ఇక తెలియదు. ఎంపిక అయ్యేదాకా కనిపించిన రన్నరునల్లా కత్తిరించాం. మార్కరు సిరా ఎండకు రెండు నెలల్లో వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు మీద మేకుతో అంకె గీకి కట్టాం, మడి పటం నోటుపుస్తకంలో మరోసారి.

300 నాటితే 21 క్రౌను (ఆకులు పుట్టే మొదలు) కుళ్లి పోయాయి. వాటి బదులు కొత్తవి పెట్టలేదు. మందు కొట్టి బతికించి ఉంటే రేపు రైతు మడిలో పోయేవి.

నచ్చిన మొక్కను వెతకడం కన్నా నచ్చనిదాన్ని త్వరగా తీసేయడం మీదే దృష్టి పెట్టాం. డిసెంబరు 10 నాటికి పూత రానివి మొదటి వడపోతలోనే పోయాయి. సగటు కాయ 12 గ్రాములు దాటనివి, మొన పచ్చగా మిగిలిపోయేవి, తొడిమ లాగితే కండతో సహా ఊడేవి ఆ తర్వాత. ఒంటరి మొక్క దిగుబడిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. అది మడి చివర తడిని బట్టి, నారు బలాన్ని బట్టి మారిపోతుంది. కాయ రుచి, గట్టిదనం, ఆకారం ఒక్క మొక్కలోనూ నమ్మదగ్గట్టు కనిపిస్తాయి.

తీపికి చేతి రిఫ్రాక్టోమీటరు. మొన దగ్గర రసం తీపి, తొడిమ దగ్గర చప్పన. మొన పిండి బ్రిక్స్ (తీపి కొలత) చూస్తే ప్రతి రకమూ గొప్పగానే కనిపిస్తుంది. కాయను నిలువుగా చీల్చి, ఆ చీలిక మొత్తం పిండాలి. ఐదు కాయల సగటు, ఒకే రోజు కోత, తడి ఇచ్చిన మర్నాడు కొలవకూడదు. 8 కంటే తక్కువైతే తీసేశాం.

గట్టిదనం కొలిచే యంత్రం ఖరీదు. దాని బదులు డబ్బా పరీక్ష. 200 గ్రాముల ప్లాస్టిక్ డబ్బా అడుగున తెల్ల టిష్యూ పరిచి, కాయలు ఒకే వరసలో పేర్చి, పైన అంకె మాత్రమే రాసి, కూరగాయల ఆటోలో ఘాట్ దిగి నర్సీపట్నం వెళ్లి రావాలి. రాత్రి గది వేడిమిలోనే ఉంచి, మర్నాడు టిష్యూ మీద ఎర్ర మరకలు లెక్కపెట్టాలి. కామరోసా డబ్బా ఒకటి, స్వీట్ చార్లీ డబ్బా ఒకటి ప్రతి ప్రయాణంలోనూ పక్కన ఉండాలి, లేకపోతే ఆ రోజు ఆటో కుదుపెంతో తెలియదు. మరకలు కామరోసాకు దగ్గరగా, పూత స్వీట్ చార్లీకి దగ్గరగా ఉన్నవి 279లో 12 దొరికాయి. ఊహించినదానికన్నా మంచి ఫలితమే.

రెండో ఏడు: 12 నుంచి 3

ఏప్రిల్ నుంచి రోజు నిడివి, వేడి పెరిగే కొద్దీ రన్నర్లు జోరుగా వస్తాయి. ఒక్కో ఎంపికకు 24 మొక్కలు కావాలి. 12 ఎంపికలు, 2 తల్లిదండ్రులు, మూడు మడులు, మడికి ఎనిమిదేసి: మొత్తం 336. వరస క్రమాన్ని ప్రతి మడిలోనూ చీట్లు తీసి మార్చాం. రెండు ఎంపికలు రన్నర్లే సరిగా వేయలేదు. కాయ ఎంత బాగున్నా నారు రాని రకాన్ని ఏ నర్సరీ పెంచదు, వాటిని తీసేశాం.

వారానికి రెండు కోతలు, ప్రతి కోతలో అమ్మదగ్గ కాయ, పారేసే కాయ వేరువేరుగా తూకం. జనవరి 31 లోపు తూకం వేరే గడిలో రాయాలి, ధర ఆ రోజుల్లోదే. మొదటి ఏట అందరికీ నచ్చిన 118వ నెంబరు ఇక్కడ ఓడిపోయింది. మంచు పడిన వారంలో దాని కాయ మీద బూడిదరంగు బూజు విపరీతం. ఆకులు గుబురుగా పెరిగి కాయను కప్పేయడమే కారణం. ఒంటరిగా 40 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నప్పుడు ఈ లోపం బయటపడలేదు, 30కి తెచ్చాక పడింది. మరో రెండిటికి ఎర్రనల్లి. మార్చి చివరికి మిగిలినవి 47, 203, 266 నెంబర్లు.

మూడో ఏడు, ఇప్పుడు

మూడిటిలో 203 ముందుంది. పూత స్వీట్ చార్లీ కంటే నాలుగు రోజులే వెనక, డబ్బా పరీక్షలో మరకలు కామరోసాతో సమానం. దాని లోపం పులుపు. జనవరిలో రుచి బాగుంటుంది, ఫిబ్రవరి చివర ఎండ ముదిరితే రుచి తగ్గుతుంది. 47 రుచిలో మేలు, కానీ కాయ సైజు మూడో కోత నుంచి పడిపోతోంది. 203ను 47తో సంకరం చేయాలన్న ఆలోచన సహజమే. కానీ రెండూ తోబుట్టువులు కాబట్టి పిల్లల్లో బలం తగ్గుతుంది. 203కు జోడీగా వింటర్ డాన్ కుండీలు సిద్ధం చేశాం.

అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లకు చట్టం గురించి ఒక మాట. మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం 2001 ప్రకారం రక్షిత రకాన్ని కొత్త రకం పుట్టించడానికి మూలంగా వాడుకోవచ్చు. కొత్త రకం నమోదు కావాలంటే అది ఉన్న రకాల కంటే వేరుగా, మొక్కలన్నీ ఒకేలా, ఏళ్ల తరబడి మారకుండా ఉందని పరీక్షలో తేలాలి. ఆకు అంచు, పువ్వు సైజు, కాయ ఆకారం కొలతలు మొదటి ఏటి నుంచే ఫొటోలతో రాసి పెట్టుకుంటే తర్వాత తడబాటు ఉండదు.

ఇప్పుడున్న భయం వైరస్. మూడేళ్లు బయట పెరిగిన మొక్క పేనుబంక ద్వారా ఏదో ఒకటి తెచ్చుకునే ఉంటుంది, ఆకు మీద ఏమీ కనిపించకపోవచ్చు కూడా. అందుకే ఏప్రిల్‌లో తీసే 203వ నెంబరు రన్నర్లు రెండు భాగాలు. 20 మొక్కలు సన్నకళ్ల నెట్ కింద తల్లి మొక్కలుగా ఉంటాయి, వాటిలో ఐదు అరమిల్లీమీటరు చిగురు కొనల నుంచి కణజాల వర్ధనానికి (టిష్యూ కల్చర్) వెళ్తాయి. మిగిలిన 200 అక్టోబరులో రెండు ఊళ్ల రైతుల మడుల్లోకి, వాళ్లు ఇప్పటికే వేస్తున్న రకం పక్కనే, నూరేసి చొప్పున. డబ్బాలు, టిష్యూ, తూకం పుస్తకం వాళ్లకే ఇస్తాం. డబ్బా మీద అంకె తప్ప పేరు ఉండదు.